తలుపు తీస్తే కనిపించే చీటీ

ఎడిటర్ గారు సోమవారం ఫోన్ చేశారు. "కియా కార్లు మన పెనుకొండలోనే తయారవుతున్నాయి కదా. కంపెనీ ఇచ్చే టర్బో బండి కొనుక్కోవడం మేలా, మామూలుది కొని బయట పార్టులు వేయించుకోవడం మేలా? ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి కావాలి" అని పెట్టేశారు.

ఈ తగవులో నేను మధ్యవర్తిగా పనికిరాను. కొన్నేళ్ల కిందట నా పాత కారుకు వెలుతురు చాలడం లేదని 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు తీయించి 100/90 వాట్లవి పెట్టించాను. ఎక్కడో, ఎవరి దగ్గరో చెప్పను. ఆ రాత్రి హిందూపురం నుంచి పెనుకొండ వస్తుంటే రోడ్డు పట్టపగల్లా కనిపించింది. రెండు నెలలకు లోపలి వెండి పూత టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. హోల్డరు మెత్తబడింది. వైరు తొడుగు ఊడి రాగి బయటపడింది. లెక్క చాలా చిన్నది. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లది 8 దాటిస్తుంది. వైరు వేసినవాడు 5కు లెక్కేసి వేశాడు. బల్బులు చవగ్గా దొరికాయి గానీ హెడ్‌లైట్లు రెండూ మార్చాల్సి వచ్చింది.

బుధవారం పొద్దున హిందూపురంలో ఓ అలాయ్ వీల్స్ దుకాణం ముందు నిలబడ్డాను. 16 అంగుళాల ఇనుప రిమ్ములున్న కింది రకం కియా సెల్టోస్‌తో ఓ కుర్రాడు వచ్చాడు.

"అన్నా, 17 వేస్తే టాప్ మోడల్ మాదిరి అయితాది గదా?"

"అయితాది. ఆ పక్కన 235 టైరు ఉండాది చూడు, అది వేసుకో. బండి ఎత్తు లేస్తాది, లుక్కొస్తాది."

కుర్రాడి కళ్లు ఆ లావు టైరు మీదే ఉన్నాయి. నేను చూసింది అతను తెరిచిపెట్టిన డ్రైవరు తలుపును. తలుపు తీస్తే సీటు వెనక నిలువు పట్టీ మీద అరచేతిలో సగం ఉండే చీటీ ఒకటి అంటించి ఉంటుంది. ఏ సైజు టైరు వేయాలో, ఎంత గాలి కొట్టాలో అందులో ఉంటుంది. కారు కొన్న రోజు ఎవరూ చదవరు. గాలి కొట్టే కుర్రాళ్లు సైతం అటు చూడకుండానే "ముప్పై రెండు కొట్టేదా సార్?" అంటారు. ఈ కథనానికి నాకు దొరికిన అసలు పత్రం ఆ చీటీయే.

ఆ బండికి కంపెనీ సైజు 205/65 ఆర్16. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే అంచు ఎత్తు ఆ వెడల్పులో 65 శాతమని. 16 రిమ్ము అంగుళాలు. గుణించి కలిపితే చక్రం మొత్తం ఎత్తు 673 మిల్లీమీటర్లు. పై రకాలకు కంపెనీ ఇచ్చే 215/60 ఆర్17 ఎత్తు 690. ఇంకా పైన వచ్చే 215/55 ఆర్18 ఎత్తు 694. రిమ్ము రెండంగుళాలు, అంటే 51 మిల్లీమీటర్లు పెరిగినా చక్రం పెరిగింది 21 మిల్లీమీటర్లే. రిమ్ము పెంచిన కొద్దీ రబ్బరు తగ్గించుకుంటూ పోయారు. చూసేవాడికి పెద్ద చక్రం, బండికి దాదాపు పాత చక్రమే.

దుకాణంలో చూపిస్తున్న 235/65 ఆర్17 సంగతి వేరు. దాని ఎత్తు 737. పాతదాని కంటే దాదాపు 10 శాతం ఎక్కువ. మీటరు 100 చూపుతున్నప్పుడు బండి 110 దాకా పోతుంటుంది. అసలు వేగం కంటే ఓ పిసరు ఎక్కువే చూపేలా కంపెనీలు మీటరును పెడతాయి. ఆ పిసరు కాస్తా ఇక్కడ ఖర్చయిపోతుంది. 100 కిలోమీటర్లు తిరిగితే మీటరులో 91 పడుతుంది. "అలాయ్స్ వేసినాక మైలేజీ పడిపాయె" అనే గోడులో కొంత నిజం, కొంత ఈ లెక్క తప్పడం. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, చక్రం పెద్దదయ్యేసరికి అదే ఇంజను నేల మీద చూపే లాగుడు సుమారు 9 శాతం తగ్గుతుంది. బండికి ఊపు రావాలని వచ్చినవాడు డబ్బిచ్చి మరీ ఊపు తగ్గించుకుని వెళతాడు.

ఇక కంపెనీ వైపు. 2019లో సెల్టోస్ వచ్చినప్పుడు 1.5 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజను శక్తి 115 పీఎస్, టార్క్ 144 న్యూటన్ మీటర్లు. జీటీ లైన్ అనే పై రకంలో పెట్టిన 1.4 టర్బో సైజులో చిన్నదైనా 140 పీఎస్, 242 న్యూటన్ మీటర్లు. 2023లో 1.5 టర్బో వచ్చి దాన్ని 160, 253కు తీసుకెళ్లింది. ఈ అంకెల్ని మాత్రమే కొంటున్నామనుకుంటే పొరపాటు. వాటితోపాటు గేర్‌బాక్సు మారింది, రేడియేటరు పని మారింది, బ్రేకుల లెక్క మారింది. ధర్మవరం మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పడుగు ఒక రకం, పేక ఒక రకం వేస్తే చీర ఎలా వస్తుందో వాళ్లకు తెలుసు.

బయట చేసే రీమ్యాప్‌లో మారేది పేక మాత్రమే. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించి, టర్బో ఒత్తిడి పెంచి, పెట్రోలు కొలత మారుస్తారు. నిజంగానే బండి ఎగురుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ క్లచ్ పాతదే, చల్లబరిచే సామాను పాతదే. మే నెలలో మన ఎండ 40 దాటుతుంది. ఆ ఎండలో లోపలికి పోయే గాలే వేడెక్కి ఉంటే ఇంజను నాకింగ్‌కు, అంటే పెట్రోలు అదుపు తప్పి మండడానికి, దగ్గరవుతుంది. ఆ తర్వాత క్లచ్ పోయి షోరూంకు తీసుకెళితే, మార్పు వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదంటారు. ఏ కంపెనీ అయినా ఆ మాటే అంటుంది.

అలాగని కంపెనీ పక్షాన నేను జెండా ఊపను. 115 పీఎస్ బండి కొన్నవాడు ఏడాది తర్వాత షోరూంకు వెళ్లి "మిగతా పాతిక కూడా వేయండి, డబ్బులిస్తా" అంటే వేయరు. జీటీ కావాలంటే కొనే రోజే కొనాలి, లేదా బండి అమ్మి కొత్తది కొనాలి. బజారు బతుకుతున్నది ఆ ఏడాది తర్వాత వచ్చే కోరిక మీదే. హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు జేసీ రోడ్డులోని కారు విడిభాగాల బజారు ఎందుకు కిటకిటలాడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

చట్టం చీటీ
మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చినవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేయిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డులు కూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. హైవే మీద ఓ గంట నిలబడితే ఎన్ని కనిపిస్తాయో మీరే లెక్కపెట్టుకోండి.

ఇంజన్లే మాయం
కంపెనీ సరుకు బజారుకు చేరే దారుల్లో అడ్డదారి కూడా ఒకటుంది. పెనుకొండ కియా ప్లాంటు నుంచి ఏళ్ల తరబడి దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయన్న ఫిర్యాదు 2025లో పోలీసులకు చేరింది.

చరిత్ర కూడా కావాలన్నారు ఎడిటర్ గారు, గబగబా చెప్పేస్తాను. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం, గొల్లపల్లి జలాశయం నీళ్లు. 2019 ఆగస్టులో సెల్టోస్, 2020లో సోనెట్. చుట్టూ మోబిస్, సంగ్‌వూ హైటెక్ లాంటి విడిభాగాల ఫ్యాక్టరీలు.

ధర్మవరంలో పెళ్లి పట్టుచీరలకు వచ్చేవాళ్లను తిప్పే బాడుగ కారు డ్రైవరును అడిగితే టర్బో ఊసే ఎత్తలేదు. "బ్రేక్ ప్యాడ్లు యాడ కొనాల అనేదొకటే నా బాధ సారూ" అన్నాడు. బజారు నాకు నచ్చే చోటు ఇదే. ప్యాడ్లు, ఫిల్టర్లు, ప్లగ్గులు చాలావరకు కార్ల కంపెనీలు సొంతంగా చేసుకోవు. వాటికి సరఫరా చేసేవాళ్లే తమ సొంత పేరుతో వేరే డబ్బాలో బజారుకూ అమ్ముతారు. ఆ డబ్బా కొంటే తప్పేమీ లేదు. ఇబ్బందల్లా కారు కంపెనీ డబ్బానే అచ్చంగా కొట్టించిన డూప్లికేటుతో. అందుకే బిల్లు ఇవ్వని చోట ప్యాడ్లు కొననంటాడు ఆ డ్రైవరు. నన్ను ఎక్కించుకునే ముందు వంగి నాలుగు చక్రాలూ చూసుకున్నాడు. అన్నీ చీటీలో ఉన్న సైజే.

హిందూపురం కుర్రాడికి ఆ ఉదయం నేనే కల్పించుకుని ఆ చీటీ చూపించాను. ఫోనులో ఫొటో తీసుకున్నాడు, లెక్క రెండుసార్లు వేయించుకున్నాడు. "అన్నా, 215/60 ఉండాయా?" అని లోపలికి కేకేశాడు.

"లేవప్పా. బెంగళూరు నుంచి తెప్పియ్యాల. శుక్రవారం రా."

నా గడువు గురువారం.