వాకిటికి గన్నేరు కన్నా తంగేడు మేలు

అనంతపురం: ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో, తాగునీటికే కటకటలాడే వేసవిలో పూలమొక్కలకు నీరెక్కడిది? ఎండను తట్టుకుంటుందని చాలామంది వాకిట గన్నేరు నాటుతారు. పూలు అందమే గాని, ఆకు మొదలు వేరు దాకా విషమే. ఆకు మేసిన ఆవుకు, గొర్రెకు ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు తిరిగే ఇంట, పశువులు కట్టే దొడ్డిలో అది తగదు. కాగితపు పూలచెట్టుకు ముళ్లు. అది కంచెకు మేలు.

వాకిటికి తంగేడే తగినది. పసుపు పూలు గుత్తులుగా విరగబూస్తాయి. పశువులు అంతగా ముట్టవు. రొట్ట పొలానికి ఎరువు. వేరు లోతుకు దిగుతుంది కనుక బీడులో పెరిగిన చెట్టును పీకి తెచ్చి నాటితే బతకడం కష్టం. తొలకరిలో గింజ విత్తాలి. మొదటి వేసవిలో వారానికొకసారి బిందెడు నీళ్లు చాలు. మరుసటేటి నుంచి వాన నీటితోనే బతుకుతుంది.