ఇంగ్లండులో కాపురము - వీసా పొడిగింపు పత్రములు

మన పిల్లలు చదువులకును ఉద్యోగములకును ఇంగ్లండు వెళ్ళుట నేడు ఏ జిల్లాలోను వింత కాదు. వారిలో కొందరు అచ్చట స్థిరనివాసపు హక్కును గాని, ఆ దేశపు పౌరసత్వమును గాని పొందినవారు. అట్టివారిని వివాహమాడి ఇక్కడినుండి వెళ్ళు వధువునకు ఆ వివాహమును బట్టియే వీసా లభించును. పెండ్లి సందడిలో ఆ వీసా చేతికి వచ్చుటతో పెద్ద గండము గడచినట్లు తలచి తలిదండ్రులు నిశ్చింతగా నుందురు. కాని దాని గడువు 33 నెలలు మాత్రమే. అది తీరకమునుపే పొడిగింపు కొరకు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆ దరఖాస్తునకు కావలసిన పత్రములను గూర్చియే యీ ప్రసంగము.

ఒక భేదమును మొదటనే గుర్తింపవలెను. భర్త అచ్చట ఉద్యోగపు వీసాపై నున్నచో భార్యకు లభించునది ఆశ్రితురాలి వీసా. దాని నిబంధనలు వేరు; భర్త గడువుతో దాని గడువు ముడిపడియుండును. నేను చెప్పబోవునది, భర్త బ్రిటిష్ పౌరుడో స్థిరనివాసపు హక్కు గలవాడో అయినప్పటి సంగతి. భార్య యిక్కడినుండి వెళ్ళినట్లు మాటలాడుచున్నాను గాని, భర్తయే వెళ్ళినను నియమములు మారవు.

ఈ నడిమి పొడిగింపు పూర్వము లేదు. 2003వ సంవత్సరము వరకు ఒక యేడు కాపురము చేసినచో భార్య స్థిరనివాసమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునుండెను. ఆ యేట దానిని రెండేండ్లు చేసిరి. 2012 జూలై 9వ తేదీనుండి ఐదేండ్లు చేసిరి. ఐదేండ్లకును ఒకే అనుమతి నీయక, దానిని 33 నెలలు, 30 నెలలుగా విడదీసి నడుమ ఒక తనిఖీని నిలిపిరి. ఆ తనిఖీలో అధికారి ముఖ్యముగా తెలిసికొనగోరునవి మూడు: ఈ దంపతులు నిజముగా ఒక్క యింట కాపురము చేయుచున్నారా, వారి రాబడి చాలియున్నదా, వచ్చిన మనిషికి ఆంగ్లభాష కొంత అలవడినదా అని. రాబడికి జీతపు చీట్లున్నవి, భాషకు పరీక్షయున్నది. మనవారు తడబడునది మొదటిదానియందే యని నా యభిప్రాయము.

ఏలయనగా, వివాహము జరిగినదని చూపుట వేరు, కాపురము సాగుచున్నదని చూపుట వేరు. శుభలేఖను, తలంబ్రాల ఫోటోలను మొదటి వీసాకే చూపితిమి. అవి ఒకనాటి సంగతిని చెప్పును. ఇప్పుడు అధికారి అడుగునది రెండున్నర యేండ్ల సంగతి. దానికి సాక్ష్యము ఆ యింటికి వచ్చిన కాగితములే. దరఖాస్తులో చాలకాలముగా అడుగుచు వచ్చిన కొలత యిది: దంపతులిద్దరి పేర వచ్చిన ఉత్తరములు ఆరు కావలెను, అవి కనీసము మూడు వేరువేరు సంస్థలనుండి వచ్చినవై యుండవలెను, వాని తేదీలు గడచిన రెండేండ్లలోను పరచుకొని యుండవలెను. ఇద్దరి పేరను కలిపి వచ్చినవి చాలకున్నచో, ఒకే చిరునామాకు భార్యకు వేరుగను భర్తకు వేరుగను వచ్చినవానిని చూపవచ్చును. ఆరును ఒకే నెలలోనివైనచో ప్రయోజనము లేదు.

ఈ చివరి షరతును బట్టియే చెప్పుచున్నాను: పొడిగింపు పనికి పూనుకొనవలసినది ముప్పదియవ నెలలో కాదు, విమానము దిగిన మొదటి నెలలో. గడచిన కాలపు తేదీ వేసి నేడు ఉత్తరము వ్రాసియిచ్చు సంస్థ యేదియు లేదు.

మన యిండ్లలో జరుగునదేమి? ఇల్లు అద్దెకు తీసికొన్నవాడు భర్త. కరెంటు బిల్లు, నీటి బిల్లు, కౌన్సిల్ టాక్సు అన్నియు అతని పేరనే యుండును. బ్యాంకులో అతని ఖాతాయే యింటి ఖాతా. ఆమె ఆ యింట వండినది, వడ్డించినది, బిడ్డను సాకినది. కాని ఆ యింటి కాగితములలో ఆమె యెచ్చటను లేదు. ఇది దురుద్దేశము వలన జరుగుచున్నదని నేననను. 'ఆమెకెందుకీ తలనొప్పి' యను మంచితనముతోనే పెక్కుచోట్ల ఇట్లు జరుగును. ఇచ్చట కోడలు కాపురమునకు రాగానే రేషను కార్డులో పేరెక్కింతుము. అచ్చట అట్టి కార్డు లేదు గనుక ఆ పనిని పలుచోట్ల విడివిడిగా చేయవలసి యున్నది.

మొదటిది కౌన్సిల్ టాక్సు. ఇది మన మునిసిపాలిటీ యింటి పన్ను వంటిది గాని, సాధారణముగా చెల్లించువాడు ఇంటి యజమాని కాదు, ఆ యింట నివసించువాడు. పెద్దవారొక్కరే నివసించు ఇంటికి ఈ పన్నులో 25 శాతము తగ్గింపు కలదు. పెండ్లికి పూర్వము ఒంటరిగా నున్న భర్త ఈ తగ్గింపును పొందుచుండును. భార్య వచ్చిన తరువాత ఆ సంగతి కౌన్సిలునకు తెలుపుట మరచినచో రెండు నష్టములు కలవు. తగ్గింపు సొమ్ము తిరిగి కట్టవలసి వచ్చుట ఒకటి. అంతకన్న పెద్దది, ఆ యింట ఒక్కడే యున్నాడని సాక్షాత్తు ప్రభుత్వ సంస్థ కాగితమే పలుకుట. ఆమె వచ్చిన వారముననే కౌన్సిలునకు తెలిపి, బిల్లులో ఇద్దరి పేర్లును వ్రాయించినచో, సంవత్సరమునకొకటి చొప్పున మంచి పత్రము తానై వచ్చును.

రెండవది డాక్టరు. ఆ దేశములో ప్రతి నివాసియు తన పేటలోని వైద్యశాలలో పేరు నమోదు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు. ఆసుపత్రినుండి, పంటి వైద్యునినుండి వచ్చు ఉత్తరములపై ఆమె పేరును చిరునామాయు నుండును. మూడవది మనవారికి అంతగా తెలియనిది. భారతదేశము కామన్‌వెల్త్ కూటమిలోనిది గనుక, అనుమతితో అచ్చట నివసించుచున్న భారత పౌరురాలు ఓటర్ల జాబితాలో చేరవచ్చును, ఓటు వేయవచ్చును. బ్రిటిష్ పౌరసత్వము అక్కరలేదు. ఆ కార్యాలయమునుండి వచ్చు ఉత్తరము కూడ పనికివచ్చును. ఇక బ్యాంకు ఖాతా ఆమె పేర నొకటి, ఇద్దరి పేర నొకటి తెరచుట మేలు. అద్దె ఒప్పందములో ఆమె పేరును చేర్పుమని యింటి యజమానిని అడుగవలెను. ఆయన సమ్మతింపనిచో, ఆమె ఆ యింట నివసించుటకు తన అనుమతి కలదని తేదీతో ఒక ఉత్తరమైనను తీసికొనవలెను. అత్తమామల యింటనే కాపురముండువారు అత్తమామలచేత అట్టి ఉత్తరమును, ఆ యిల్లు వారిదేనని తెలుపు పత్రమును తీసియుంచుకొనవలెను. బిడ్డ పుట్టినచో జనన పత్రములో తల్లిదండ్రులిద్దరి పేర్లును ఉండును. దానికన్న గట్టి సాక్ష్యము అరుదు.

ఈ కాలములో బిల్లులు తపాలాలో వచ్చుట తగ్గిపోయినది. కంప్యూటరులో కనబడి, కొంతకాలమునకు మరి కనబడవు. ఉద్యోగము మారినచో పాత సంస్థవారి జీతపు చీట్ల తలుపు మూసికొనును. కావున నెలనెలకు వానిని దించుకొని ఒకచోట పదిలపరచుట అవసరము.

పేరును గూర్చి ఒక మాట. మనము ఇంటిపేరును ముందు వ్రాయుదుము. వారు వెనుక వ్రాయుదురు. మనము 'త' కారమును ఆంగ్లములో వ్రాయుటకు టీ అక్షరము ప్రక్క హెచ్ అక్షరమును ఒకసారి చేర్తుము, ఒకసారి మానుదుము. పెండ్లియైన పిమ్మట ఇంటిపేరు మార్చుకొన్న అమ్మాయికి పాస్‌పోర్టులో పుట్టినింటి పేరు, బ్యాంకులో అత్తవారింటి పేరు ఉండును. మనకు ఆ యిద్దరును ఒక్కరేయని తెలియును. కాగితము చూచు అధికారికి తెలియదు. పాస్‌పోర్టులో నున్న పేరు అక్షరము తప్పకుండ అన్ని చోట్ల వ్రాయించుట ఉత్తమము. పెండ్లితో ఇంటిపేరు మార్చవలెనని మన చట్టమేదియు నిర్బంధింపదు గనుక, పాస్‌పోర్టు మార్చువరకు పాతపేరుననే యుండుట సుఖము.

వివాహ పత్రమునకును ఇదే నియమము. 1955 నాటి హిందూ వివాహ చట్టములోని 8వ సెక్షను వివాహముల నమోదుకు వీలు కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నిర్బంధ నమోదు చట్టము వచ్చినది. 2006లో సుప్రీముకోర్టు అన్ని రాష్ట్రములలోను నమోదు జరుగవలెనని ఆదేశించినది. దేవస్థానమువారు ఇచ్చు రసీదు ఆ నమోదునకు ఆధారము కాగలదు గాని, నమోదు పత్రము కాదు. తెలుగులో నున్న ఏ పత్రమునకైనను ఆంగ్లానువాదము జతపరుపవలెను. అనువాదకుడు అది సరియైనదని ధ్రువపరచి, తన పేరు, సంతకము, తేదీ, తన్ను కలిసికొను వివరములు వ్రాయవలెను.

రాబడి విషయము సూటియైనది. 2012 నుండి సంవత్సరమునకు 18,600 పౌండ్లుగా నున్న కనీసము, 2024 ఏప్రిల్ 11 నుండి 29,000 పౌండ్లయినది. ఆ తేదీకి ముందే ఈ దారిలో దరఖాస్తు పెట్టి, అదే భర్తతో కాపురమున్నవారికి పాత కొలతయే వర్తించును. పిల్లలు నియమమునకు లోబడినవారైనచో దానికి కొంత చేరును. మొదటి వీసాకు భర్త జీతమునే చూచిరి; పొడిగింపులో భార్య అచ్చట సంపాదించునది కూడ కలుపుదురు. ఒకే ఉద్యోగమున ఆరు నెలలు నిండినవారు ఆ ఆరు నెలల జీతపు చీట్లను, ఆ జీతము జమయైనట్లు చూపు బ్యాంకు పత్రములను, ఉద్యోగమిచ్చినవారి ఉత్తరమును సమర్పింపవలెను. చీటిలోని మొత్తమును బ్యాంకులోని మొత్తమును సరిపడవలెను. ఉద్యోగము మారి ఆరు నెలలు కాకున్నచో పండ్రెండు నెలల లెక్క చూపవలసి వచ్చును. కాబట్టి గడువు దగ్గరపడిన తరుణములో ఉద్యోగము మార్చుట తెలివి కాదు.

భాషాపరీక్ష మొదటి వీసాకన్న ఒక మెట్టు పైది. మాటలాడుట, వినుట మాత్రమే అడుగుదురు. ఆంగ్లములో బోధించిన పట్టము గలవారు దానిని నియమానుసారము ధ్రువపరచుకొన్నచో పరీక్ష అక్కరలేదు. ఖర్చు తక్కువ కాదు. దరఖాస్తు రుసుము వేయి పౌండ్లకు పైబడినది. దానికి తోడు వైద్యసేవల కొరకు, 2024 ఫిబ్రవరిలో నిర్ణయించిన ప్రకారము, ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున రెండున్నర యేండ్లకు 2,587 పౌండ్ల 50 పెన్నీలు ముందుగనే చెల్లింపవలెను. ఈ అంకెలు మారుచుండును. దరఖాస్తునాడు బ్రిటిష్ ప్రభుత్వపు సొంత ప్రకటనలను చూచుకొనవలెను గాని, స్నేహితుని మాట చాలదు.

భర్తయు అత్తవారును కాగితములను ఆమె చేతికీయని యిండ్లు కూడ ఉన్నవి. పాస్‌పోర్టు దాచి, 'వీసా తీరనిత్తుము, ఇంటికి పంపివైతుము' అని బెదరించుటయు కలదు. ఇట్టి నిర్బంధ ప్రవర్తనను 2015 నాటి చట్టము ఇంగ్లండు, వేల్సులలో నేరముగా చేసినది. గృహహింస వలన కాపురము చెడినచో, ఈ వీసాపై నున్న స్త్రీ పొడిగింపుతో పనిలేక నేరుగా స్థిరనివాసమునకే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దానికి రాబడి పరీక్షయు భాషా పరీక్షయు లేవు. చేత సొమ్ము లేనిచో, ముందుగా మూడు నెలల తాత్కాలికానుమతిని పొంది ప్రభుత్వ సహాయమును అందుకొను ఏర్పాటు కలదు. 1979లో లండనులో నెలకొల్పబడిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అను స్త్రీల సంస్థ ఇట్టివారికి తోడ్పడుచున్నది. కూతురు కష్టములో నున్నదని తెలిసినప్పుడు 'సర్దుకొనుము, వీసా పోవును' అని తలిదండ్రులు చెప్పుట విందుము. ఆ రెండవ మాట నిజము కాదు.

చివరకు తేదీల సంగతి. గడువు ముగియుటకు ముందున్న 28 దినములలో దరఖాస్తు పెట్టుట వాడుక. గడువులోపల పెట్టినచో, 1971 నాటి వలస చట్టములోని 3సి సెక్షను వలన, నిర్ణయము వచ్చువరకు పాత అనుమతియు, పని చేసికొను హక్కును నిలిచియుండును. ఒక్క దినము దాటినను ఆ రక్షణ లేదు. జీతపు పత్రములు, బ్యాంకు పత్రములు దరఖాస్తునకు 28 దినములలోపలి తేదీవరకు ఉండవలెను గనుక, మరీ ముందుగా ముద్రించి పెట్టుకొనుటయు పనికిరాదు.

నిర్ణయము వెలువడువరకు ఆ దేశము విడువరాదు. ఇంటికి వచ్చినచో దరఖాస్తును ఉపసంహరించుకొన్నట్లే లెక్క. కట్టిన రుసుమునకు కూడ నష్టము. చెల్లెలి పెండ్లియో, తాతగారి సంవత్సరీకమో ఆ వారములలో పడకుండ ఇక్కడివారు ముహూర్తమునకు ముందే అమ్మాయి వీసా తేదీని అడిగి తెలిసికొనుట మంచిది. అనుమతి లభించిన పిమ్మట వెనుకటివలె చేతికి కార్డు రాదు. 2024తో ఆ పద్ధతి ముగిసి, అనుమతి యంతయు కంప్యూటరు ఖాతాలోనే యుండును. పాస్‌పోర్టును మార్చుకొన్నచో కొత్త సంఖ్యను ఆ ఖాతాలో వెంటనే నమోదు చేయవలెను. లేనిచో సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళునప్పుడు, టిక్కెట్టు చేతనుండియు హైదరాబాదు విమానాశ్రయముననే నిలిచిపోవలసి వచ్చును.