పల్లెకు డాక్టరు రావాలంటే పల్లె బిడ్డే డాక్టరు కావాలి

నాట్ల కాలంలో జ్వరమొచ్చి మంచాన పడితే ఆ రోజు కూలి పోతుంది. పెద్దాసుపత్రికి పోదామంటే బస్సు ఛార్జీ, తోడొచ్చిన మనిషి కూలి కూడా పోతాయి. అందుకే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుని మళ్ళీ మళ్ళో దిగుతాం. డాక్టర్లు పల్లెలకెందుకు రారని అడిగితే "అక్కడ వసతుల్లేవు" అంటారు. అందులో కొంత నిజముంది. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది: డాక్టరీ చదువు ఎవరి బిడ్డలకు దక్కుతోంది? ప్రైవేటు కాలేజీలో సీటుకు లక్షలు పోసినవాడు ఆ డబ్బు రాబట్టుకునే చోటికే పోతాడు. మనూరికెందుకొస్తాడు?

ఈ ప్రశ్నకు ఒక చిన్న దేశం చెప్పిన జవాబు చూద్దాం.

నౌకాదళ అకాడమీలో వైద్య విద్య

1959లో విప్లవం గెలిచేనాటికి క్యూబాలో డాక్టర్లు సుమారు 6,000 మంది. ఎక్కువమంది రాజధాని హవానాలోనే ఉండేవారు. కొన్నేళ్ళలోనే దాదాపు సగంమంది దేశం వదిలిపోయారు. ప్రభుత్వం 1960లో గ్రామీణ వైద్య సేవ నెలకొల్పి, కొత్త డాక్టర్లను కొండలకూ పల్లెలకూ పంపింది. చదువు ఖర్చంతా తానే పెట్టుకుంది.

1998లో మిచ్ తుపాను హోండురాస్, నికరాగువాలను ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. క్యూబా డాక్టర్లు సాయానికెళ్ళారు. కానీ సాయానికొచ్చినవాళ్ళు ఏదో ఒకనాడు వెళ్ళిపోవాల్సిందేగా! ఆ తర్వాత ఆ పల్లెల గతేమిటి? అక్కడి బిడ్డల్నే డాక్టర్లను చెయ్యాలని, 1999 నవంబరులో హవానా దగ్గర పాత నౌకాదళ అకాడమీ భవనాల్లో లాటిన్ అమెరికా వైద్య పాఠశాల తెరిచారు.

ఆరేళ్ళ చదువు. ఫీజు లేదు. తిండి, బస, పుస్తకాలు ఉచితం. చేతిఖర్చుకు కొంత డబ్బు కూడా ఇస్తారు. పేదింటి పిల్లలకే మొదటి చోటు. తిరిగెళ్ళి డాక్టరు లేనిచోట పనిచేస్తామన్న మాటే పూచీ. 2005లో తొలి జట్టు బయటికొచ్చింది. ఇప్పటికి చదువు ముగించినవాళ్ళు 30,000 దాటారు. 2001 నుంచి అమెరికా సంయుక్త రాష్ట్రాల పేద విద్యార్థులూ అక్కడ చదివారు. అంతటి ధనిక దేశంలోనూ పేదబిడ్డకు డాక్టరీ అందని పండే!

హోండురాస్ తీరంలో ఆఫ్రికా సంతతికి చెందిన గరిఫునా ప్రజలున్నారు. వాళ్ళ బిడ్డ లూథర్ కాస్టిల్లో తొలి జట్టులో డాక్టరయ్యాడు. తోటి డాక్టర్లతో, తనవాళ్ళతో కలిసి సిరిబోయా అనే ఊళ్ళో ఉచిత ఆసుపత్రి కట్టాడు. అది 2007లో తెరుచుకుంది.

చదువొక్కటే చాలదు

అయితే ఒక్కమాట దాచకూడదు. తిరిగెళ్ళిన వాళ్ళలో కొందరి పట్టాను వాళ్ళ దేశాలు వెంటనే గుర్తించలేదు. కొన్నిచోట్ల సర్కారు ఉద్యోగాలే లేవు. నేడు క్యూబాలోనే మందులకు కటకట, డాక్టర్ల వలస. కాబట్టి చదువుతో పాటు పోస్టూ, జీతమూ, క్వార్టరూ, మందులూ ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా డాక్టరు నిలవడు.

డబ్బు కట్టలేనంత మాత్రాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని మన దేశంలో భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. సర్కారు వైద్య కళాశాలలు నడిచేది మన సొమ్ముతోనే. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం. ఆ చదువులో మన బిడ్డలకు వాటా అడగడం దేబిరించడం కాదు, హక్కు. కూలి బిడ్డ చదువు ఖర్చంతా సర్కారే భరించాలి, ఊరి ఆసుపత్రిలో పోస్టు సిద్ధంగా ఉంచాలి. రేపటి గ్రామసభలో మనం ఎత్తాల్సిన మాట ఇదే.