ఎర్రచీర మడతలు ఎటు పోయాయి?

పెళ్లి ఫొటోల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. పెళ్లికూతురి ముఖం చక్కగా వచ్చింది, నగలు మెరుస్తున్నాయి, వెనకాల పూల అలంకరణా బాగుంది. ఎర్ర పట్టుచీర మాత్రం మడతలూ కుచ్చిళ్లూ ఏమీ తెలియకుండా ఒకే ఎర్ర ముద్దగా ఉంది. ఫొటో ఎడిటింగ్ కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు దీన్ని సరిచేద్దామని ఒక వీడియో పాఠం పెట్టుకుంటాడు. శాచురేషన్ ఇరవై తగ్గించమంటారు, హైలైట్స్ నలభై తగ్గించమంటారు. చెప్పింది చెప్పినట్టే చేస్తాడు. ఎరుపు వెలిసిపోతుంది తప్ప మడత ఒక్కటీ తిరిగి రాదు. తప్పు ఆ కుర్రాడిది కాదు. పాఠం అతనికి అంకెలు చెప్పింది, బొమ్మలో ఏం జరిగిందో చెప్పలేదు.

ఏం జరిగిందో చూద్దాం. డిజిటల్ ఫొటోలో ప్రతి పిక్సెల్‌కీ మూడు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మామూలు జేపెగ్ ఫైల్లో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. మడత మన కంటికి ఆనేది పక్కపక్క పిక్సెళ్ల అంకెల్లో తేడా ఉన్నందువల్లే. వెలుతురు పడిన వంపులో అంకె ఎక్కువ, నీడలో ఉన్న లోతులో తక్కువ. మండపం దీపాల పసుపు వెలుగులో ముదురు ఎర్ర పట్టును తీస్తే వంపు దగ్గరా ఎరుపు 255కి చేరుతుంది, లోతు దగ్గరా 255కే చేరుతుంది. ఆపైన చోటు లేదు. ఆకుపచ్చ, నీలం అంకెలు సున్నాకు దగ్గర్లో ఉంటాయి కాబట్టి అవీ ఆదుకోలేవు. తేడా పోయింది, దాంతోపాటే మడతా పోయింది. ఇప్పుడు శాచురేషన్ తగ్గిస్తే ఆ 255లన్నీ కట్టగట్టుకుని కిందికి దిగుతాయి. అన్నీ సమానంగా దిగాక వాటి మధ్య తేడా ఎక్కణ్నుంచి వస్తుంది?

దీన్ని ముందే పసిగట్టకపోవడానికీ కారణముంది. ఏ స్థాయిలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్‌ను హిస్టోగ్రామ్ అంటారు. ప్రకాశాన్ని మాత్రమే చూపే హిస్టోగ్రామ్‌లో ఈ ప్రమాదం కనబడదు. ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పరిధి లెక్క ప్రకారం ప్రకాశంలో ఎరుపు వాటా సుమారు 21 శాతమే. ఆకుపచ్చది 72 శాతం దాకా ఉంటుంది. అందుకే ఎరుపు నిండిపోయిన చీర కూడా ఆ గ్రాఫ్‌లో మధ్యలో ఎక్కడో బుద్ధిగా కూర్చున్నట్టు ఉంటుంది. మూడు రంగుల్నీ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ తెరిస్తేనే ఎరుపు గీత కుడివైపు గోడకు గుద్దుకుని నిలబడి ఉండటం తెలుస్తుంది.

మరి మడతలు ఇక రావా? సెన్సర్ నమోదు చేసింది ఉన్నదున్నట్టు దాచిన రా (RAW) ఫైల్ ఉంటే చాలాసార్లు వస్తాయి. కెమెరా సెన్సర్ రంగును 12 లేదా 14 బిట్లలో నమోదు చేస్తుంది. అంటే 256 మెట్లకు బదులు 4,096 లేదా 16,384 మెట్లు. చీర ఎరుపు చాలాసార్లు సెన్సర్ దగ్గర నిండిపోదు. వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ఎస్ఆర్‌జీబీ అనే చిన్న రంగుల పరిధిలోకి కుదించి జేపెగ్ తయారుచేసేటప్పుడు నిండిపోతుంది. ఆ పరిధిని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు అప్పటి డబ్బా మానిటర్లు చూపగల రంగుల్ని బట్టి ప్రతిపాదించాయి. రా ఫైల్‌ను ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ డెవలప్ చేస్తే మడతలు బయటపడతాయి. సెన్సరే నిండిపోయి ఉంటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ సంగతి వివరించడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు వెచ్చించే పాఠాన్నే ఎంచుకోమంటాను. ఎందుకంటే అది విన్నవాడికి రేపు మంగళస్నానాల ఫొటో ఇచ్చినా తడబడడు. పసుపు పూసుకుని పసుపు బట్టలు కట్టుకున్న ఆ ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువగా ఉండి నీలం సున్నాకు పడిపోతుంది. ఎర్రచీరలో లెక్క పైకప్పుకు తగిలింది, ఇక్కడ నేలకు తగిలింది. నీలం చానెల్ తెరిచి చూడాలని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. శాచురేషన్ ఇరవై అని బట్టీపట్టినవాడికి ఇది పూర్తిగా కొత్త సమస్య, ఇంకో వీడియో వెతుక్కోవాలి.

మీటల గురించి మాత్రమే చెప్పే పాఠాలకు ఆయుష్షు తక్కువ. మిచిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రామును తమ్ముడు జాన్ నోల్‌తో కలిసి పెంచితే అది 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్‌గా మార్కెట్లోకొచ్చింది. ఇప్పుడు ఎడిటింగ్ అంటేనే గుర్తొచ్చే లేయర్లు అందులో లేవు. 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. 2013 నుంచి చందా పద్ధతి మొదలయ్యాక ఏడాది పొడవునా మార్పులు వస్తూనే ఉన్నాయి, నిరుడు చూసిన మెనూ ఈ ఏడు అక్కడ ఉండకపోవచ్చు. ఉచితంగా దొరికే గింప్‌లోనూ అంతే. 2025 మార్చిలో విడుదలైన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్‌ను అసలు పిక్సెళ్లు చెడకుండా వేసి, తర్వాత ఎప్పుడైనా సవరించుకోవచ్చు. పాత 2.10 పాఠాలు చెప్పే జాగ్రత్తల్లో కొన్నింటితో ఇప్పుడు పనిలేదు.

కానీ వెలుగునీడల స్థాయిలు సర్దే లెవెల్స్ అనే సాధనం మొదటి ఫొటోషాప్‌లోనే ఉంది, ఇప్పుడూ అదే పని చేస్తోంది. దాని వెనకున్న గణితం ఫొటోషాప్ కంటే పాతది. మన దగ్గర ఈసీఈ చదివి డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ తీసుకున్నవాళ్లకు గొంజాలెజ్, వుడ్స్ రాసిన పుస్తకం తెలిసే ఉంటుంది. ఆ పుస్తకం తొలి రూపం 1977లో వచ్చింది. అందులో హిస్టోగ్రామ్ గురించి చదివిన విద్యార్థికి లెవెల్స్, కర్వ్స్ కొత్త కాదు. పరీక్ష కోసం రాసిన లెక్కే ఇక్కడ తెర మీద కదులుతుంది. అలాగే డాన్ మార్గులిస్ 1994లో మొదట వెలువరించిన ‘ప్రొఫెషనల్ ఫొటోషాప్’. రంగును తెర మీద కంటితో నమ్మకుండా అంకెలు చదివి కర్వ్స్‌తో దిద్దే పద్ధతి నేర్పే పుస్తకమది. అందులోని తెరల బొమ్మలన్నీ పాతబడ్డాయి, పద్ధతి పాతబడలేదు. కాబట్టి పాఠం తేదీ చూడాల్సిందే, అయితే మీట ఎక్కడుందో తెలుసుకోవడానికి వెళ్తున్నప్పుడు చూడాలి. రంగు గురించి తెలుసుకోవడానికైతే పాత పుస్తకాల షాపులో దొరికిన ప్రతి అయినా పనికొస్తుంది.

ఇక వీడియోల సంగతి. నేర్చుకునేవాళ్లలో చాలామంది వాటితోనే మొదలుపెడతారు. పని జరుగుతుండగా కళ్లారా చూడటం మంచిదే, బ్రష్ ఎంత తేలిగ్గా ఆడించాలో పుస్తకం చెప్పలేదు. చిక్కు ఎక్కడంటే, చూస్తే చాలు, పని వచ్చేసినట్టే అనిపిస్తుంది. మైకేల్ కార్డస్, ఎడ్ ఓబ్రయన్ అనే షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీన్ని పరీక్షించి ప్రచురించారు. పళ్లేలు కదలకుండా బల్ల మీది గుడ్డను లాగేయడం, డార్ట్ గురిచూసి విసరడం, మూన్‌వాక్ లాంటి విద్యల వీడియోలను కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవాళ్లకు తామూ చేసేయగలమన్న నమ్మకం పెరిగింది. చేయించి చూస్తే పనితనం పెరగలేదు. ఫొటో ఎడిటింగ్ వీడియోలకు ఇది అచ్చంగా సరిపోతుంది. చేయి తిరిగినవాడు లేయర్‌లో కొంత భాగాన్ని దాచే మాస్క్ వేస్తుంటే అంతకంటే సులువైన పని లేదనిపిస్తుంది.

దీనికి విరుగుడు కూడా పరిశోధనల్లోనే ఉంది. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి కొందరిచేత మళ్లీ మళ్లీ చదివించారు, కొందరిని మూసేసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. ఎడిటింగ్‌లో దీన్ని పాటించడం సులువు. వీడియో చివరిదాకా చూశాక మూసేసి, వేరే ఫొటో తీసుకుని, అదే పనిని జ్ఞాపకం మీద చేయాలి. ఆగిపోయిన చోటు తెలిశాక వెనక్కి వెళ్లి ఆ ముక్క మాత్రం చూడాలి. అభ్యాసానికి ఫైళ్లు కూడా ఇచ్చే పాఠాలకు నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఇందుకే. అడోబీ వాళ్ల ‘క్లాస్‌రూమ్ ఇన్ ఎ బుక్’ వరసలో ప్రతి పాఠానికీ ఫైళ్లుంటాయి.

అయితే తొలిరోజే ఫొటో ముందు పడేసి నువ్వే దారి వెతుక్కోమనడం కూడా మేలు చేయదు. స్వెలర్, కూపర్ అనే పరిశోధకులు 1985లో బీజగణితంతో చేసిన ప్రయోగాల్లో, కొత్తవాళ్లు లెక్కల్ని సొంతంగా కుస్తీపట్టి చేసినప్పటికంటే చేసి చూపిన లెక్కల్ని పరిశీలించినప్పుడు బాగా నేర్చుకున్నారు. ఒకేసారి మనసులో నిలుపుకోగలిగినవి కొన్నే. మీట ఎక్కడుంది, లేయర్ ఏది ఎంపికై ఉంది, మాస్క్‌లో నలుపు దాస్తుందా చూపిస్తుందా, ఇవన్నీ కలిసి కొత్తవాడిని ముంచేస్తాయి. కాబట్టి మొదట్లో అడుగడుగూ చూపించే పాఠమే మంచిది. అనుభవం వచ్చాక అదే విసుగు పుట్టిస్తుంది, అడ్డమూ అవుతుంది. ఆరు నెలల కిందట మేలు చేసిన గురువును వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్లడంలో తప్పేమీ లేదు.

మంచి పాఠాన్ని గుర్తుపట్టడానికి నేను చూసే చోటు ఒకటుంది: చర్మం నునుపు చేసే పాఠం. గాసియన్ బ్లర్ రేడియస్ పది పెట్టండి అని చెప్పి ముందుకు వెళ్లిపోతే అక్కడే ఆపేయొచ్చు. రేడియస్‌ను లెక్కించేది పిక్సెళ్లలో. 24 మెగాపిక్సెళ్ల క్లోజప్‌లో ముఖం రెండు వేల పిక్సెళ్ల వెడల్పు ఉండొచ్చు, బంధువులందరూ నిలబడిన గ్రూపు ఫొటోలో నూట యాభై ఉండొచ్చు. మొదటిదానిలో పది అంటే చర్మపు రంధ్రాలంత, రెండోదానిలో కనురెప్పంత. ముఖం ఎంత పెద్దదో చూసి, రంధ్రాలు చెదిరి నీడలు మిగిలేదాకా పెంచండి అని చెప్పే పాఠానికి ఎడిటింగ్ తెలుసు.

తెలుగులో పాఠాలకు కొదవలేదు. పెళ్లి ఆల్బమ్ షీట్లు, ఫ్లెక్సీలు, పుట్టినరోజు బ్యానర్లు ఎలా చేయాలో ఓపిగ్గా చూపించేవాళ్లు ఎందరో ఉన్నారు. ఊళ్లో స్టూడియో పెట్టుకుని బతకాలనుకునేవాడికి అవి అన్నం పెట్టే పాఠాలే. మెనూ పేర్లు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి పేర్లు అలాగే ఉంచి కారణాలు తెలుగులో చెబితే ఎంతో బాగుంటుంది. కారణాలు చెప్పేవాళ్లు ఇంకా పెరగాలని నా కోరిక.

తెలుగువాళ్లే చెప్పాల్సిన విషయాలు రెండున్నాయి. ఒకటి అక్షరం. ‘స్త్రీ’ అనే మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కూర్చి ఒక్క అక్షరంగా చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్ కింద టైప్ విభాగంలో దక్షిణాసియా లిపులకు పనికొచ్చే వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయేవి. అమెరికాలో వచ్చిన పుస్తకాలు ఇలాంటివి చెప్పాలనుకోవు. మన పాత డీటీపీ పాఠాలు అను ఫాంట్ల కాలానివి. ఆ ఫాంట్లలో తెలుగు గుణింతాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి వాటితో రాసిన వాక్యాన్ని ఇంకోచోట అతికిస్తే అర్థంలేని గీతలు వస్తాయి. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు యూనికోడ్‌తో చెప్పే పాఠమే వెతుక్కోవాలి.

రెండోది చర్మం రంగు. మనుషుల చర్మాల్లో వర్ణం (హ్యూ) దాదాపు ఒకే ఇరుకు పట్టీలో ఉంటుంది. పెద్ద తేడా ముదురు, లేతల్లోనే. సినిమాలకు రంగులు దిద్దేవాళ్లు వెక్టర్‌స్కోప్ మీద చూసే చర్మపు గీత దీన్ని ఆధారం చేసుకున్నదే. కాబట్టి వర్ణం గురించి ఏ దేశపు పాఠం చెప్పినా మనకూ పనికొస్తుంది. ఎంత ప్రకాశంగా ఉండాలన్న అంకె మాత్రం తెల్లవాళ్ల ముఖాలకు చెప్పింది మనకు నప్పదు. చామనఛాయ అమ్మాయిని ముందుగా తెల్లగా చేసి తర్వాత మిగతా పని మొదలుపెట్టే పాఠాలు మన దగ్గరే ఎక్కువ. ఆమె ఇంట్లో వాళ్లు ఆల్బమ్ తెరిచి వేరే మనిషిని చూస్తారు. మెడ, చేతుల రంగును ముఖంతో పక్కపక్కన పెట్టి పోల్చి, దీపం వల్ల వచ్చిన పసుపును మాత్రం తీసి, మనిషి రంగును మనిషికి ఉంచే పాఠం దొరికితే, అది ఏ భాషలో ఉన్నా సరే, ఫోన్లో దాచుకుని రెండు మూడు ఫొటోల మీద చేసి చూడండి.