పేడపురుగు వీపు - నాగటి రెక్క

నల్లరేగడిలో పదును కొంచెము మించినప్పుడు దున్నిన రైతుకు ఈ కష్టము క్రొత్త కాదు. నాలుగు చాళ్లు సాగకముందే రెక్కనాగలికి మట్టి ముద్దగా పట్టును. అటుపిమ్మట మట్టిమీద మట్టి జరుగవలసినదే గాని ఇనుముమీద జరుగదు. బెడ్డ సరిగా తిరుగబడదు. ఎద్దులు అలసిపోవును, ట్రాక్టరయినచో డీజిలు ఎక్కువ కాలును. రెక్కను నున్నగా సానబట్టించిన చాలునని పలువురి నమ్మకము. కాని తడిసిన బంకమట్టిలో నునుపొక్కటే సరిపోదు. రెండు అద్దపు పలకలను తడిపి, ఒకదానిపై నొకటి పెట్టి లాగి చూడుడు. నడుమనున్న పలుచని నీటిపొర వాటిని విడిపోనీయదు. ఇనుముకు, బంకమట్టికి నడుమ జరుగునదియు ఇట్టిదే.

బురదలో తిరిగినను బురద అంటని కుమ్మరిపురుగును మన పెద్దలు ఉపమానముగా చెప్పుదురు. చైనాలో చాంగ్‌చున్ నగరమునందలి జిలిన్ విశ్వవిద్యాలయమున రెన్ లూచ్వాన్, ఆయన సహచరులు ఇట్టి పురుగులనే పరిశోధనకు తీసికొనిరి. వారు ముఖ్యముగా చూచినది పేడపురుగు. పేడలోను తడిమట్టిలోను తొలుచుకొని పోయినను దాని ఒంటికి మట్టి అంటదు. సూక్ష్మదర్శినిలో చూడగా దాని తలయు వీపును నున్నగా లేవు. చిన్న చిన్న బొడిపెలు, గుంటలు కనబడినవి. మట్టి బొడిపెల కొనలకే తగులును. నీటిపొర అక్కడక్కడ తెగి, సందులలో గాలి నిలుచును. పట్టు సడలును. ఈ సూత్రముపై మట్టిని నెట్టు పలకలకు బొడిపెలు చేసి 1990 దశకమున పరీక్షించిరి. థాయిలాండులోని ఆసియా సాంకేతిక విద్యాసంస్థవారు నాగటి రెక్కకే గట్టి పాలిథిలీన్ బొడిపెలు బిగించి, 2007లో ఫలితములు ప్రకటించిరి. ఎత్తు తక్కువగా నున్న బొడిపెలే లాగుడు భారమును తగ్గించినవి.

పనిముట్టు చేయువాడు ఒంటరిగా పూనుకొన్నచో పురుగు వీపునకు అచ్చు తీసి ఊరుకొనును. అంతటితో పని జరుగదు. పురుగు తేలికైనది, మెల్లగా కదలును. నాగలి బరువైనది, వేగముగా పోవును. అంత సన్నని బొడిపెలను ఇనుముపై పెట్టిన వాటి సందులు మట్టితో పూడిపోవును. పురుగు ఒంటిమీది రోమములు, మైనపు పూత, కదలిక ఎంతవరకు తోడ్పడునో జీవశాస్త్రజ్ఞుడు చెప్పవలెను. ఇసుక, గులకరాళ్ల ఒరపిడికి బొడిపె ఎన్నాళ్లు నిలుచునో యంత్రనిపుణుడు చెప్పవలెను. ఒకరి మాట ఒకరు వినుటకు కాలము పట్టును.

తామరాకు సంగతి చూడుడు. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ 1970 దశకమున ఆకులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచుచు, నున్నని ఆకులను కడుగవలసి వచ్చుచున్నదనియు, గరుకు ఆకులు వాటంతట అవే శుభ్రముగా నుండుననియు కనిపెట్టెను. తామరాకును గూర్చిన ఆయన వ్యాసము 1997లో వెలువడినది. ఆ సూత్రముపై చేసిన గోడరంగు 1999లో అంగళ్లకు వచ్చినది. ఆకుపై మైనము అరిగిన ఆకే దానిని మరల పుట్టించుకొనును. గోడకు ఆ శక్తి లేదు.

ఈ వ్యాసము చదివి కమ్మరిచేత రెక్కకు ముద్దలు అతికింపవలదు. కొలత తప్పిన భారము పెరుగును. తుప్పు గరుకును ఈ బొడిపెల వంటిది కాదు. తుప్పు గుంటలలో మట్టి చిక్కుకొని నిలుచును. కావున దున్నకము ముగియగానే రెక్కను గీకి కడిగి, ఆరిన పిదప నూనె పూయుడు. మట్టిని పిడికిట పిసికి చూచి, చేతికి అంటుచున్నంతవరకు నాగలి కట్టకుడు.