గడ్డి ముట్టని దూడకు పాములెలా వచ్చాయి?

ఒంగోలు పక్క పల్లెలో ఓ గేదె ఈని మూడు వారాలైందనుకోండి. దూడ ఇంకా గడ్డి కొరకలేదు, తల్లిపాలు తప్ప ఏదీ ఎరగదు. అయినా పొట్ట కుండలా ఉబ్బింది, బూడిదరంగులో కంపు కొడుతూ పారుతోంది. ఆ పేడలో జానెడు ఏలికపాము! ఎక్కణ్ణుంచి?

పాలలోంచే. ఈ పాము పేరు టాక్సోకారా విటులోరం. దొడ్డి మట్టిలోని గుడ్లు మేతతోపాటు గేదె కడుపులోకి పోతాయి. పిల్లపురుగులు కాలేయంలో, కండరాల్లో ఎదగకుండా నెలల తరబడి మాటు వేస్తాయి. గేదెకేమో ఏ బాధా తెలియదు. ఈనే వేళకు అవి పొదుగుకు బయల్దేరతాయి, తొలి వారం పది రోజుల పాలతో దూడలోకి దిగుతాయి. ఎంత లెక్కో చూడండి!

మూడు వారాలు దాటితే దూడ పేడలో మళ్లీ గుడ్లు. పెంకు దళసరి, తేమ మట్టిలో నెలలైనా చావవు. గడ్డి తిన్నాక చూద్దాంలే అంటే ఆలస్యమే. 10-14 రోజులకే, పశువైద్యుణ్ణి అడిగి, బరువుకు తగ్గట్టు పైపరజీన్ అనే పురుగుల మందు తాగించాలి. మీ గేదె ఈనితే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.