కోడిపిల్లల బల్బుకు ఏ బ్యాటరీ కొనాలి?

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చలికాలంలో రాత్రి కరెంటు పోతే, ఇంక్యుబేటర్‌లో తీసిన నాటుకోడి పిల్లలకు కష్టం. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వేడి కావాలి. పిల్లకు 2 వాట్ల లెక్కన 30 పిల్లలకు 60 వాట్ల బల్బు.

“స్ప్రేయర్ బ్యాటరీ సరిపోదా అన్నా?” అని అడుగుతున్నారు. లెక్క చూద్దాం. 12 వోల్టులు, 8 ఏహెచ్. గుణిస్తే 96 వాట్ అవర్లు. గంటన్నరకే ఖాళీ!

10 గంటలకు 600 వాట్ అవర్లు కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడితే తొందరగా దెబ్బతింటది, అందుకే 100 ఏహెచ్ తీసుకోండి. లిథియం ఫాస్ఫేట్‌ది 80 శాతం వాడొచ్చు, 65 ఏహెచ్ చాలు.

ఇన్వర్టర్ పెడితే కొంత కరెంటు వృథా. నేనైతే 12 వోల్టుల ఫిలమెంట్ బల్బే పెడతాను. ఎల్‌ఈడీకి వేడి రాదు. వైరుకు 10 ఆంప్స్ ఫ్యూజు తప్పనిసరి. కింద వరి ఊక పరచి, చుట్టూ గోనెసంచులు కట్టి, పైన గాలి ఆడనివ్వండి. కనెక్షన్ ఎలా ఇవ్వాలో వీడియోలో చూపించాను, చూడండి.